తప్పు పాచికలదా, ఆడించినవాడిదా?

నాలుగు గోబ్లిన్లు, నాలుగు బాణాలు. ఆట మొదలై పావుగంట కాకముందే మా మేనకోడలు చచ్చిపోయింది.

ఆటలోనే లెండి. డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌ని నేను మొదటిసారి ఆడించిన రాత్రి అది. డైనింగ్ టేబుల్ చుట్టూ నలుగురు కూర్చున్నారు: మేనకోడలు, మా తమ్ముడు, వాడి స్నేహితులిద్దరు. మేనకోడలిది మాంత్రికురాలి పాత్ర. ఆ మాంత్రికురాలు ఏ ఊళ్ళో పుట్టింది, మంత్రాలు ఎవరి దగ్గర నేర్చింది, పెంచుకునే గుడ్లగూబకు ఏం పేరు పెట్టింది, అన్నీ రూళ్ళ నోట్‌బుక్‌లో రెండు పేజీలు రాసుకొచ్చింది. అడవి దారిలో గోబ్లిన్లు, అంటే చిట్టి రాక్షసులు, మాటువేశాయి. నేను డైస్ వేశాను, పుస్తకంలో ఉన్న అంకెలు కలిపాను. మూడు బాణాలు తనకే తగిలాయి. ప్రాణం నిలుస్తుందో లేదో తేల్చుకోవడానికి తనూ డైస్ వేసింది, తప్పింది. మళ్ళీ వేసింది, మళ్ళీ తప్పింది. మిగతా ముగ్గురూ రెండు గంటలు ఆడుతుంటే ఫోన్ చూస్తూ కూర్చుని, చివరికి "మామయ్యా, నేను వెళ్ళి పడుకోనా?" అంది.

"నువ్వు రూల్ ఒక్కటీ తప్పలేదు కదన్నయ్యా" అని తమ్ముడు ఓదార్చాడు. "రూల్ సరే, నాలుగు బాణాలూ చిన్నపిల్ల మీదికే వేయాలా?" అని వాడి స్నేహితుడు.

ఈ ఆటలు ఆడే ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు ఈ తగువు వస్తుంది. ఆట రక్తికట్టేది రూల్స్ వల్లా, ఆడించేవాళ్ళ వల్లా? పాడైతే తప్పెవరిది? కాస్త నిదానంగా చూద్దాం.

అసలు ఏమిటీ ఆట?

దీన్ని టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటారు. బోర్డు ఉండొచ్చు, లేకపోవచ్చు. కాగితాలు, పెన్సిళ్ళు, డైస్, నాలుగైదు నోళ్ళు ఉంటే చాలు. అందరూ తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఒకరు మాత్రం ఏ ఒక్క పాత్రకూ కట్టుబడరు. ఊరు, అడవి, వాన, సత్రం యజమాని, రాక్షసుడు, రాక్షసుడి వంటవాడు, అంతా వాళ్ళే. వాళ్ళనే గేమ్ మాస్టర్ అంటారు, పొట్టిగా జీఎం. డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో డంజియన్ మాస్టర్ అనీ, కాల్ ఆఫ్ కథుల్హులో కీపర్ అనీ, వాంపైర్: ద మాస్కరేడ్‌లో స్టోరీటెల్లర్ అనీ పేర్లు మారుతాయి. పని మాత్రం దాదాపు ఒకటే.

ఎదురుగా ఏముందో జీఎం చెప్తారు. ఏం చేస్తారో ఆటగాళ్ళు చెప్తారు. అవుతుందో లేదో తేలని చోట డైస్ పడుతుంది. ఆ ఫలితం వల్ల ఏం జరిగిందో మళ్ళీ జీఎం చెప్తారు. ఆటంతా ఈ చక్రం తిరగడమే.

చదరంగంలో గుర్రం ఎటు దూకాలో ముందే రాసి ఉంది. ఇక్కడ మాత్రం ఆటగాడు "ఆ గుర్రానికి బెల్లం ముక్క పెట్టి మచ్చిక చేసుకుంటాను" అనొచ్చు. ఎంత లావు రూల్ పుస్తకమైనా ఆ బెల్లం ముక్కను ఊహించలేదు. ఊహించలేని దానికి అక్కడికక్కడ జవాబు చెప్పడానికి ఒక మనిషి కావాలి. జీఎం ఎందుకు అంటే మొదటి జవాబు ఇదే.

ఆడించేవాడు ఎక్కడి నుంచి వచ్చాడు?

సైన్యం నుంచి. 1824లో ప్రష్యాలో గేయోర్గ్ ఫాన్ రైస్విట్జ్ అనే యువ సైనికాధికారి క్రీగ్‌స్పీల్ అనే యుద్ధక్రీడకు నియమావళి అచ్చువేయించాడు. పెద్ద మ్యాపు, దళాలకు గుర్తుగా చిన్న దిమ్మెలు, నష్టాలు తేల్చడానికి డైస్, పట్టికలు. ఇరుపక్షాల సేనానులూ తమ ఆజ్ఞలను కాగితం మీద రాసి మధ్యవర్తికి ఇవ్వాలి. శత్రుదళం కంటపడే దూరానికి వచ్చాకే దాని దిమ్మె మ్యాపు మీదికి వస్తుంది. రంగం మొత్తం తెలిసినవాడు మధ్యవర్తి ఒక్కడే.

ఆట ఉపయోగపడింది గానీ నత్తనడక నడిచేది. ప్రతి తుపాకీ దెబ్బకూ పట్టిక తిప్పాలి. 1876లో యూలియస్ ఫాన్ వెర్డీ దు వెర్నువా అనే మరో ప్రష్యన్ అధికారి ఆ పట్టికల్నీ డైస్‌నీ పక్కన పెట్టేయమన్నాడు. యుద్ధం చూసిన అధికారి ఉంటే చాలు, అతని తీర్పు మీద ఆట నడపండి అన్నాడు. ఆట వేగం పుంజుకుంది. కానీ నష్టం ఎందుకంత వచ్చిందని ఓడినవాడు అడిగితే చూపించడానికి పట్టిక లేకుండా పోయింది. మా డైనింగ్ టేబుల్ దగ్గర లేచిన తగువుకు 150 ఏళ్ళ వయసుందన్నమాట.

అమెరికా సైనికాధికారి చార్లెస్ టాటెన్ 1880లో స్ట్రాటెగోస్ అనే యుద్ధక్రీడ పుస్తకం రాశాడు. మధ్యవర్తి పెత్తనం అందులోనూ ఉంది. దాదాపు తొంభై ఏళ్ళ తర్వాత ఆ పుస్తకం మిన్నెసోటాలో డేవిడ్ వెస్లీ చేతిలో పడింది. 1969లో అతను బ్రౌన్‌స్టైన్ అనే కల్పిత ఊరి మీద ఒక ఆట కట్టాడు. సేనాపతులతో పాటు మేయరు, బ్యాంకరు లాంటి ఊరివాళ్ళ పాత్రలు కూడా ఆటగాళ్ళకు పంచాడు. వాళ్ళు యుద్ధం సంగతి పక్కన పెట్టి, మూలమూలలా నిలబడి ఒకరితో ఒకరు మంతనాలు మొదలుపెట్టారు. ఆట చెయ్యి జారిందని వెస్లీ అనుకున్నాడు. ఆడినవాళ్ళు మాత్రం మళ్ళీ ఎప్పుడని వెంటపడ్డారు.

వాళ్ళలో ఒకడు డేవ్ ఆర్నెసన్. అతను బ్లాక్‌మూర్ అనే కాల్పనిక రాజ్యం పెట్టి, స్నేహితుల్ని వారం వారం అవే పాత్రలతో ఆడించాడు. విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవాలో ఉండే గ్యారీ గైగాక్స్ దాన్ని చూసి, ఆర్నెసన్‌తో కలిసి పుస్తకంగా మలిచాడు. 1974లో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ వెలువడింది. మూడు చిన్న పుస్తకాలున్న పెట్టె, మొదటి ముద్రణ 1,000 ప్రతులు.

చిక్కు ఇక్కడే మొదలైంది. పెట్టె కొన్నవాళ్ళకు పుస్తకాలు దొరికాయి గానీ ఆర్నెసన్ దొరకలేదు. పుస్తకంలో ఖాళీలు చాలా ఉన్నాయి. రాసినవాళ్ళకు అవి ఖాళీల్లా కనబడలేదు, ఎందుకంటే ఆ జాగాల్లో వాళ్ళే కూర్చుని ఉన్నారు. ఏ ఊరివాళ్ళు ఆ ఊరి రూల్స్ కల్పించుకున్నారు. మన గల్లీ క్రికెట్‌లో ఒక వీధిలో వన్ పిచ్ క్యాచ్ ఔట్, పక్క వీధిలో నాటౌట్ అన్నట్టు. అన్ని టేబుళ్ళకూ ఒకే తీర్పు ఉండాలని గైగాక్స్ 1977 నుంచి 1979 దాకా మూడు లావు పుస్తకాలుగా అడ్వాన్స్‌డ్ డంజియన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చాడు.

నా లెక్కలో రూల్ పుస్తకమంటే ఒక మంచి జీఎం నేర్పును పెట్టెలో సర్ది అమ్మే ప్రయత్నం. పెట్టెలో ఎంత పడుతుంది, బయట ఎంత మిగులుతుంది అన్నదే ఈ యాభై ఏళ్ళ కథ.

అంకెలు చేసే పని ఏమిటి?

రూల్స్ అంటే కట్టడి అనుకుంటాం. ఈ ఆటల్లో వాటి మొదటి పని నమ్మకం ఇవ్వడం. గోడ దూకితే ఏమవుతుందో ఉజ్జాయింపుగా తెలిస్తేనే దూకాలో వద్దో ఆలోచిస్తాం. తెలియకపోతే అది ఆలోచన కాదు, లాటరీ.

ఇందులో డైస్ ఎంపిక కూడా ఉంది. డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఎక్కువగా పడేది ఇరవై ముఖాల డైస్. 1 పడటానికీ 11 పడటానికీ 20 పడటానికీ అవకాశం ఒకటే, 5 శాతం. అందుకే అక్కడ ఆరితేరిన యోధుడు కూడా తరచుగా గురి తప్పుతాడు, కొత్తవాడు ఒక్కోసారి అద్భుతం చేస్తాడు. ఊగిసలాట ఆ డైస్ స్వభావం.

విన్సెంట్ బేకర్, మెగీ బేకర్ 2010లో తెచ్చిన అపోకలిప్స్ వరల్డ్‌లో మామూలు ఆరు ముఖాల డైస్ రెండు వేసి కలుపుతారు. 10 గానీ అంతకు మించి గానీ వస్తే అనుకున్నది అయినట్టే. 7 నుంచి 9 వస్తే అవుతుంది, కానీ ఏదో మూల్యం ఉంటుంది. 6 లేదా తక్కువైతే జీఎం చేతికి పగ్గాలు. 36 అవకాశాల్లో పూర్తి విజయానికి 6, మధ్యరకానికి 15, వైఫల్యానికి 15. పాత్రకు ఒక్క పాయింటు నేర్పు కలిపితే వైఫల్యాలు 15 నుంచి 10కి పడిపోతాయి. మధ్యరకం మాత్రం 16 దగ్గరే ఉంటుంది. అంటే ఈ ఆటలో అన్నిటికన్నా తరచుగా వినబడే జవాబు "అవుతుంది, కానీ…" అన్నది. కథ మలుపు తిరిగేది ఆ "కానీ" దగ్గర. అనుభవమున్న కథకుడికి అలవోకగా వచ్చే పనిని ఇక్కడ రెండు డైస్ చేసిపెడుతున్నాయి.

బ్యాలెన్స్ అంటే అందరూ సమానమనా?

కాదు. రూల్స్‌కు రెండో పని ఈ తూకం చూడటం, అందరినీ ఒకేలా చేయడం కాదు. మన పులిజూదమే చూడండి. మూడు పులులు, పదిహేను మేకలు. పులి దూకి తింటుంది, మేక తినలేదు. ఒక్క పులికీ ఒక్క మేకకూ పోలికే లేదు. అయినా మేకలవైపు కూర్చున్నవాడికి ఆట అన్యాయం అనిపించదు, ఎందుకంటే పులిని కట్టేయడం మేకల చేతిలో ఉంది. బలం సమానం కాకపోయినా, ఆటను మార్చగలిగే అవకాశం రెండువైపులా ఉంది.

రోల్‌ప్లేయింగ్ ఆటల్లో ఆటగాళ్ళు ఒకరితో ఒకరు పోటీపడరు, కలిసి ఆడతారు. ఇక బ్యాలెన్స్‌తో పనేముంది అనొచ్చు. పని ఉంది. శనివారం సాయంత్రం నాలుగు గంటలు కేటాయించి వచ్చిన ప్రతి మనిషికీ, "ఇక్కడ నా వల్లే పనైంది" అనిపించే క్షణం ఒకటి రావాలి. అది రానివాడు ఫోన్ తీస్తాడు.

ఈ ఆట చరిత్రలో అందరూ తలపట్టుకున్న పేచీ యోధుడికీ మాంత్రికుడికీ మధ్య నడిచింది. 1978 నాటి పుస్తకంలో మొదటి లెవెల్ మాంత్రికుడికి రోజుకు ఒక్క మంత్రం. అది అయిపోతే చేతిలో కర్ర. కానీ పై లెవెల్స్‌కు పోయేకొద్దీ యోధుడి బలం మెట్టు మెట్టుగా పెరిగితే, మాంత్రికుడిది మిద్దెల మీదుగా ఎగిరేది. గైగాక్స్ దీనికి ఒక విరుగుడు పెట్టాడు. రెండో లెవెల్‌కు చేరడానికి దొంగకు సుమారు 1,250 అనుభవ పాయింట్లు చాలు, యోధుడికి 2,000 కావాలి, మాంత్రికుడికి 2,500. ఇప్పుడు కష్టపడు, తర్వాత ఏలుకో అన్న ఒప్పందం. ఏళ్ళ తరబడి సాగే ఆటలో అది నడుస్తుంది. ఆరు నెలలకే ఆగిపోయే ఆటలో మాంత్రికుడికి మిగిలేది కష్టమే.

దొంగ పాట్లు ఇంకో రకం. అదే పుస్తకంలో మొదటి లెవెల్ దొంగ తాళం తీయగలిగే అవకాశం 25 శాతం. మాంత్రికుడు కొంచెం ఎదిగాక నాక్ అనే మంత్రం చదివితే తాళం దానంతటదే ఊడుతుంది. తన విద్యనే పక్కవాడు ఒక్క మాటతో చేసేస్తుంటే దొంగ పాత్ర పట్టుకున్నవాడు బల్ల దగ్గర ఎందుకు కూర్చోవాలి?

2000లో వచ్చిన మూడో ఎడిషన్ అందరికీ ఒకే అనుభవ పట్టిక పెట్టింది. లెక్క సులువైంది గానీ మాంత్రికుడు కట్టే మూల్యం పోయి, బలం మిగిలిపోయింది. 2008లో నాలుగో ఎడిషన్ మొత్తం తిరగరాసింది. యోధుడికైనా మాంత్రికుడికైనా ఎప్పుడంటే అప్పుడు వాడే శక్తులు కొన్ని, పోరుకొకసారి కొన్ని, రోజుకొకసారి కొన్ని. కాగితం మీద అంత సమంగా ఈ ఆట అంతకుముందెన్నడూ లేదు. అయినా ఎందరో పాత ఆటగాళ్ళు మొహం చిట్లించారు: కత్తి పట్టినా మంత్రదండం పట్టినా ఒకేలా ఉందే అని. మూడో ఎడిషన్ బాటనే కొనసాగిస్తూ 2009లో వచ్చిన పాత్‌ఫైండర్ వైపు చాలామంది వెళ్ళిపోయారు. సమానత్వం కోసం తేడాను చెరిపేస్తే ఎవరి పాత్ర ఎవరిదో తెలియకుండా పోతుందని అప్పుడు అర్థమైంది.

లెక్క సరిపోయినా ఆట ఎందుకు తప్పుతుంది?

ఇక మా గోబ్లిన్ల దగ్గరికి వద్దాం. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ స్టార్టర్ సెట్‌లో మొదటి పోరు అదే. కొత్తవాళ్ళ కోసం చేసిన పెట్టెలో కొత్తవాళ్ళు ఆడే మొదటి ఘట్టం.

అదే ఏడాది వచ్చిన డంజియన్ మాస్టర్స్ గైడ్ లెక్క వేసి చూడండి. ఒక్కో గోబ్లిన్ విలువ 50 పాయింట్లు, నాలుగిటికి 200. గుంపుగా వస్తే ప్రమాదం పెరుగుతుంది కాబట్టి దాన్ని రెట్టింపు చేయమంటుంది, 400. మొదటి లెవెల్ పాత్రలు నలుగురుంటే డెడ్లీ, అంటే ప్రాణాంతకం, అనే గీత మొదలయ్యేది సరిగ్గా 400 దగ్గర. ఐదుగురు ఆడితే ఒక మెట్టు దిగుతుంది. మావాళ్ళు నలుగురే.

ఇప్పుడు బాణాలు. మేనకోడలి మాంత్రికురాలికి ప్రాణం 8 పాయింట్లు, దెబ్బ తగలకుండా కాచే అంకె 12. గోబ్లిన్ తన డైస్‌కు 4 కలుపుకుంటుంది కాబట్టి 8 గానీ పైన గానీ పడితే తగిలినట్టే, 65 శాతం. తగిలిన దెబ్బ సగటున 5.5. నాలుగు బాణాలూ తన మీదికే వస్తే సగటు నష్టం 14 దాటుతుంది. ఎనిమిది పాయింట్ల ప్రాణం ఎక్కడ ఆగుతుంది?

అవే బాణాలు మా తమ్ముడి యోధుడి మీదికి వేశాననుకోండి. ఇనుప కవచం, డాలు కలిసి వాడి అంకె 18. తగిలే అవకాశం 35 శాతం. నాలుగు బాణాలకూ కలిపి సగటు నష్టం 8 లోపు. వాడి ప్రాణం 12. వాడు నిలబడి, బాణం పీక్కుని, బూతు ఒకటి తిట్టి, పొదల్లోకి ఉరుకుతాడు. అవే రూల్స్, అవే గోబ్లిన్లు, అదే డైస్. గురి ఎవరి మీద అన్న ఒక్క నిర్ణయంతో ఆట మారిపోయింది. ఆ నిర్ణయం పుస్తకంలో లేదు, నా నోట్లో ఉంది.

ఇంకో కోణం ఉంది. తన దగ్గర స్లీప్ అనే నిద్ర మంత్రం ఉంది. దానికి ఎనిమిది ముఖాల డైస్ ఐదు వేస్తారు, సగటు 22.5. వాళ్ళ ప్రాణాలన్నీ కలిపి అన్ని పాయింట్లు అయ్యేదాకా శత్రువులు ఒక్కొక్కరే నిద్రలో పడిపోతారు. ఒక్కో గోబ్లిన్ ప్రాణం 7. ఆ వంతు తనకు ముందుగా వచ్చి ఉంటే నాలుగిట్లో మూడు గోబ్లిన్లు గురక పెట్టేవి, ఆ రాత్రికి తనే హీరో అయ్యేది. హీరోకూ శవానికీ మధ్య ఉన్నది ఎవరి వంతు ముందు అన్న ఒక్క డైస్.

పై లెవెల్స్‌లో ఇదే చిక్కు వేరే వేషంలో వస్తుంది. ఐదో లెవెల్ మాంత్రికుడు ఫైర్‌బాల్ వేస్తే దాని పరిధిలో ఉన్న అందరికీ సగటున 28 నష్టం, తప్పించుకున్నవాళ్ళకు సగం. కానీ ఆ స్థాయి మంత్రాలు అతనికి రోజుకు మామూలుగా రెండే. యోధుడి కత్తికి అలాంటి పరిమితి లేదు. 2014 గైడ్ ఒక రోజులో పాత్రలు ఆరు నుంచి ఎనిమిది దాకా మామూలు, కష్టమైన పోరాటాలు తట్టుకోగలరన్న అంచనా మీద నిలబడింది. అన్ని పోరాటాలు జరిగితే రెండు ఫైర్‌బాల్స్ ఎక్కడ ఖర్చుపెట్టాలో మాంత్రికుడు పిసినారిలా లెక్కపెట్టుకుంటాడు. మిగతా పోరాటాలు యోధుడివి. కానీ చాలా ఇళ్ళల్లో వారానికి ఒక పోరు, ఆ పోరు అవగానే పాత్రలన్నీ నిద్రపోతాయి, మంత్రాలన్నీ తిరిగొస్తాయి. అప్పుడు మాంత్రికుడు దాచుకోవాల్సిన పనేముంది? రెండూ మొదటి నిమిషంలోనే విసిరేస్తాడు. యోధుడు కత్తి ఒరలోంచి తీసేసరికి పని అయిపోయి ఉంటుంది.

ఇది రూల్స్ తప్పా? రూల్ రాసినవాడు ఒక సగటు టేబుల్‌ని ఊహించుకుని రాశాడు. ఆ సగటు టేబుల్ ఎవరింట్లోనూ లేదు. మీ ఇంటికీ ఆ ఊహకూ మధ్య ఎంత దూరముందో కనిపెట్టి, ఆ మేరకు సర్దాల్సింది జీఎం. రోజును పొడిగించడమో, విశ్రాంతికి ముందే ఇంకో కబురు పంపడమో, శత్రువులను రెండు వైపుల నుంచి తేవడమో. దర్జీ ఎంత బాగా కుట్టినా రెడీమేడ్ చొక్కా వేసుకునే మనిషిని చూసి కుట్టింది కాదు. చేతులు కాస్త మడిచే పని ఇంట్లోనే జరగాలి.

ఆడించడంలో నేర్పు ఎక్కడుంది?

మంచి జీఎం అంటే గొంతు మార్చి మాట్లాడేవాడు, కథ అల్లేవాడు అనుకుంటారు. అవి ఉంటే మంచిదే. కానీ ఆటను నిలబెట్టేవి పైకి అంతగా కనబడని పనులు.

మొదటిది, డైస్ ఎప్పుడు వేయించకూడదో తెలియడం. 1981లో వచ్చిన కాల్ ఆఫ్ కథుల్హు భయం గొలిపే పరిశోధనల ఆట. గదిలో దాచిన ఉత్తరం దొరుకుతుందో లేదో డైస్ చెప్తుంది. అందరూ తప్పితే ఉత్తరం దొరకదు, ఉత్తరం లేకపోతే కథ ముందుకు కదలదు. అనుభవమున్న కీపర్లు ఏదో వంకన ఆ ఉత్తరాన్ని అందించేవారు. కొత్తవాళ్ళు డైస్ చెప్పింది విని బిగుసుకుపోయేవారు. రాబిన్ లాస్ గమ్‌షూ అనే పద్ధతి కట్టి, ఆ అనుభవాన్నే రూల్‌గా మార్చాడు. తగిన విద్య ఉన్నవాడు తగిన చోట వెతికితే ముఖ్యమైన ఆధారం దొరికి తీరుతుంది, డైస్ లేదు. దాని మీద కెన్నెత్ హైట్ కట్టిన ట్రెయిల్ ఆఫ్ కథుల్హు 2008లో వచ్చింది. ఆధారం దొరకడం కాదు, దాన్ని ఎలా అర్థం చేసుకుంటారన్నదే ఆట అని ఆ రూల్ తేల్చింది.

రెండోది, ప్రమాదాన్ని ముందే చూపించడం. ఆటగాళ్ళకు ఆ లోకం కనబడదు, మన మాటల్లోంచే చూడాలి. వంతెన కుళ్ళిందని చెప్పకుండా కూలిస్తే అది దగా. పలకలు కిర్రుమన్నాయని చెప్పాక కూలితే అది వాళ్ళు ఎంచుకున్న సాహసం. పడిన దెబ్బ ఒకటే అయినా మనసుకు తగిలే తీరు వేరు.

మూడోది, వెలుగు పంచడం. ఇద్దరు గట్టిగా మాట్లాడుతుంటే మూడోవాడు మౌనంగా ఉంటాడు. అతని వైపు తిరిగి "నువ్వు గుమ్మం దగ్గర ఉన్నావు కదా, నీకేం వినబడుతోంది?" అని అడగడం ఏ రూల్ పుస్తకం లెక్కకూ అందని బ్యాలెన్స్. దొంగకు తాళం, యోధుడికి ఇరుకు ద్వారం, మాంత్రికుడికి చదవలేని శాసనం పెట్టడం కూడా ఇందులో భాగమే.

నాలుగోది, రాక్షసులు ఎలా ఆలోచిస్తారో నిర్ణయించడం. అన్ని గోబ్లిన్లూ చచ్చేదాకా పోరాడాలని ఎక్కడా లేదు. రెండు పడిపోగానే మూడోది పారిపోవచ్చు, నాలుగోది చేతులెత్తి బేరానికి రావచ్చు. అంకెల్లో ఒక్కటీ ముట్టుకోకుండా పోరును తేలిక చేయడానికీ కష్టం చేయడానికీ ఇది రాజమార్గం.

మరి తెర వెనక డైస్ ఫలితాన్ని మార్చేస్తే? జీఎంలు ముందు ఒక అట్ట తెర పెట్టుకుని దాని వెనక డైస్ వేయడం పాత అలవాటు. పడింది 18 అయితే 8 అని చెప్పి ఒక ప్రాణం కాపాడొచ్చు. కొందరు అది దయ అంటారు, కొందరు మోసం అంటారు. నా మటుకు నాకు చిక్కు ఒక్కటే. ఒక్కసారి తెలిసిపోయిందా, ఆ తర్వాత గెలిచిన ప్రతి గెలుపూ అనుమానమే. కాపాడాలనుకుంటే డైస్ వేయకముందు కాపాడాలి, అంటే గురి మార్చాలి, దారి చూపాలి. వేశాక పడిందే చెప్పాలి.

అంత నేర్పే ఉంటే రూల్స్ ఎందుకు?

మూడు కారణాలు.

ఒకటి, నేర్పు అందరికీ ఉండదు, ఉన్నవాళ్ళకూ ప్రతి రాత్రీ ఉండదు. ఆఫీసు నుంచి అలసి వచ్చి ఆడించే రోజున రూల్ మోస్తుంది. మంచి రూల్ అంటే మామూలు జీఎంని మునిగిపోకుండా పట్టుకునేది.

రెండు, రూల్ ఆటగాళ్ళకు జీఎం నుంచి రక్షణ. అన్నీ ఒక మనిషి నాలుక మీదే ఉంటే, ఆ మనిషిని మెప్పించడమే ఆట అయిపోతుంది. మాటకారి గెలుస్తాడు, మొహమాటస్తుడు ఓడతాడు. జీఎంకి దగ్గరి స్నేహితుడైతే ఇంకా తేలిక. "నా కాగితం మీద ఇలా ఉంది" అని వేలు పెట్టి చూపించగలగడం బిడియస్తుడి బలం.

మూడు, జీఎంకి కూడా ఆశ్చర్యపోయే హక్కుంది. అంతా తన ఇష్టమైతే ఏం జరగబోతోందో తనకు ముందే తెలుసు. డైస్ తను ఊహించని మాట చెప్పినప్పుడే ఆడించేవాడు కూడా ఆడతాడు.

కొత్త ఆటలు ఇంకో అడుగు వేశాయి. జీఎం నేర్పునే రూల్‌గా రాశాయి. అపోకలిప్స్ వరల్డ్‌లో జీఎం ఏ ఉద్దేశంతో మాట్లాడాలి, ఏ సూత్రాలు పాటించాలి, ఎప్పుడెప్పుడు ఎలాంటి ఎత్తు వేయొచ్చు అన్నవి జాబితాలుగా ఉంటాయి. అవి సలహాలు కావు, ఆటగాడికి డైస్ ఎంతో జీఎంకి అవి అంత. 2009లో జేసన్ మార్నింగ్‌స్టార్ తెచ్చిన ఫియాస్కో అసలు జీఎంనే తీసేసి, సన్నివేశాలు కట్టే పనిని బల్ల చుట్టూ ఉన్న అందరికీ పంచేసింది. ఫియాస్కోలో ఎవరి పాత్ర ఎంత బలమైనది అన్న ప్రశ్నే రాదు. అక్కడ అందరూ నిండా మునగడానికే వచ్చారు, ఎవరు ఎంత అందంగా మునుగుతారన్నదే ఆట. బ్యాలెన్స్ ఎంత కావాలో ఆట ఏం చేస్తానని మాటిచ్చిందో దాన్నిబట్టి ఉంటుంది.

చివరికి తప్పెవరిది?

ఆ రాత్రి లెక్క ఇలా తేలింది. కొత్తవాళ్ళ పెట్టెలో మొదటి పోరునే ప్రాణాంతకమనే గీత దాకా తెచ్చినందుకు పుస్తకానిది కొంత. నాలుగు బాణాల గురీ ఒకే చోట పెట్టినందుకు, చచ్చిపోయిన పిల్లకు పది నిమిషాల్లో ఇంకో పాత్ర చేసివ్వొచ్చని తోచనందుకు నాది మిగతాది.

అంతకన్నా పెద్ద తప్పు తర్వాత ఆ పేజీ మళ్ళీ తీసినప్పుడు కనబడింది. గోబ్లిన్లు దూకకముందు దారికి అడ్డంగా రెండు చచ్చిన గుర్రాలు పడి ఉంటాయి, వాటి ఒంట్లో నల్ల ఈకల బాణాలు గుచ్చుకుని ఉంటాయి. హెచ్చరిక పుస్తకంలోనే ఉంది. నేను దాన్ని పోరు మొదలుపెట్టే తొందరలో ఒక్క గుక్కలో చదివేసి, వెంటనే డైస్ తీశాను. ఎవరికీ నోరు తెరిచే సందివ్వలేదు. రాసినవాళ్ళు పెట్టెలో సర్దగలిగింది ఆ గుర్రాల వరకే. అక్కడ ఆగడం మాత్రం పెట్టెలో పట్టదు.

నెల తర్వాత అదే ఘట్టం మళ్ళీ ఆడించాను. మేనకోడలు వచ్చింది, అదే నోట్‌బుక్, అదే గుడ్లగూబ. దారి మీద గుర్రాల సంగతి చెప్పి, పుస్తకం మూసి, ఊరుకున్నాను. అరనిమిషం ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు తను అంది:

"మామయ్యా, బాణాలు ఎటువైపు నుంచి వచ్చాయో గుర్రాన్ని చూస్తే తెలుస్తుందా?"

తెలుస్తుందన్నాను. డైస్ వేయమనలేదు.